పాటిమన్ను మీద నా సంతకం

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే మీలో ఎవరైనా వెళ్లి ఆ రైతుని నా గురించి అడగొచ్చు. ఆయన చెడ్డగా చెబుతాడని కాదు నా భయం, మంచిగా చెబుతాడేమోనని.

ఎనభైల నాటి మాట. నేనప్పుడు గుంటూరులో మట్టి పరీక్షలు చేసే ఒక లాబులో పనిచేసేవాణ్ణి. రైతులు పొలం మట్టిని గుడ్డసంచుల్లో కట్టి తెచ్చి ఇచ్చేవాళ్లు. మేం దాన్ని నీడన ఆరబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టి, సీసాల్లో వేసి చూసి, అందులో ఏముందో ఏం లేదో ఒక కాయితం మీద రాసిచ్చేవాళ్లం. పద్దెనిమిదేళ్లు అదే పని. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. తడిమట్టి తెచ్చిన రైతునీ, అంకెలు కెలికే గుమస్తానీ ఒకే తీరున కడిగేసేవాణ్ణి. ముందు అరిచేసి, ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవడం నా అలవాటు. గొప్పకి చెప్పడం లేదు. జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడు ఎండాకాలం పది రోజులు సెలవు పెట్టాను. అంతకు ముందు పెళ్లిళ్లకీ జ్వరాలకీ తప్ప సెలవు పెట్టి ఎరగను. బ్రాడీపేటలో ఒక డాక్టరుగారు వదిలించుకున్న పాత ఫియట్ కారు నా చేతికొచ్చి అప్పటికి ఆర్నెల్లయింది. నలభై దాటాక నేర్చిన డ్రైవింగు. తాడేపల్లి దాకా వెళ్లి, కృష్ణని చూసి, ఒక టీ తాగి తిరిగి రావడం తప్ప దూరాలు పోయింది లేదు. పది రోజులు ఒక్కణ్ణే కారేసుకుని తిరుగుతానంటే ఆఫీసులో పడీ పడీ నవ్వారు. రెండో పెళ్లిచూపులా అని కూడా అడిగారు. మా ఆవిడ నవ్వలేదు, ఎక్కడికని సూటిగా అడిగింది. పాత బౌద్ధారామాలు చూడాలనుంది అన్నాను. ఇంట్లో బతికున్న మనుషులతో నాలుగు మాటలు మాట్లాడరు గానీ, కూలిపోయిన గోడలతో మాట్లాడటానికి పెట్రోలు పోసుకుని పోతారా అంది. అని, పులిహోర కట్టి ఇచ్చి, వెనక సీట్లో మంచినీళ్ల కూజా పడిపోకుండా రెండు దిళ్ల మధ్య ఇరికించి పెట్టింది.

నిజానికి నాకు చూడాలని ఉన్నది అన్ని ఆరామాలూ కాదు. ఒక్కటే.

వ్యవసాయ కాలేజీలో చదివే రోజుల్లో మా క్లాసుని బస్సులో ఊళ్లు తిప్పుతూ ఒక సాయంత్రం ఒక దిబ్బ దగ్గర ఆపారు. మన వైపు ఇలాంటి దిబ్బలకి ఎవరు పెట్టారో గానీ ఆడవాళ్ల ముందు పలకలేని పేరొకటి ఉంటుంది. దీనికీ అదే పేరు. మావాళ్లంతా ఆ పేరు పట్టుకుని ఇకిలిస్తుంటే నేను పైకెక్కి చూశాను. నడుమెత్తు ఇటుక గోడలు. మధ్యలో చదరపు వాకిలి, దానికి మూడు పక్కలా వరసగా చిన్న చిన్న గదులు. ఒక మనిషి చాప పరుచుకుంటే రెండో మనిషికి చోటుండదు. బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా ఇక్కడ ఉండేవారని లెక్చరరుగారు చెప్పారు. నేనొక గదిలో చతికిలబడ్డాను. ఆ ఏడు నేను పరీక్ష తప్పాను. మా నాన్న నాతో మాట మానేశారు. ఎవర్ని చూసినా ఒళ్లు మండే రోజులవి. అలాంటిది ఆ గదిలో కూర్చున్న అరగంట సేపూ నాకు ఎవరి మీదా కోపం రాలేదు. నా జీవితంలో అలాంటి అరగంటలు లెక్కేస్తే ఒక చేతి వేళ్లు ఎక్కువే. అందుకే మళ్లీ చూడాలనిపించింది.

రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడోరోజు పొద్దున్నే చిలకలూరిపేట దాటాను. మార్టూరు దగ్గర బండరాయి వేసుకుని నత్తనడక నడుస్తున్న లారీని దాటే ధైర్యం లేక, దాని వెనకే చాలా దూరం దాన్ని తిట్టుకుంటూ పోయాను. తర్వాత రోడ్డు వదిలి బండ్లబాట పట్టాను. రెండు పక్కలా పత్తిమోళ్లు పీకి కుప్పలేసి ఉన్నాయి. మిరప కల్లాల ఘాటుకి కారు అద్దాలు ఎత్తుకున్నా తుమ్ములాగలేదు.

దిబ్బ కనిపించలేదు. దారి తప్పాననుకున్నాను. వెనక్కి పోయి, కాలవ వంతెన దగ్గర ఒకావిడని అడిగి, మళ్లీ వచ్చాను. చోటు అదే. దిబ్బ ఉండాల్సిన చోట గొయ్యి ఉంది.

కారు దిగిన వాణ్ణి దిగినట్టే నిలబడిపోయాను. ఇరవై ఏళ్లు నా తలలో పదిలంగా ఉన్న చోటు. మూడు వరసల్లో రెండు వరసలు లేవు. వాకిలి లేదు. పడమటి పక్కన మాత్రం ఒక వరస మిగిలింది, నాలుగు గదులు. వాటి పునాదుల కింద నుంచి కూడా మన్ను తవ్వేసి ఉంది. నాలుగు ఎడ్లబళ్లు గోతిలోకి దిగి ఉన్నాయి. పారలు, గంపలు, ఆరేడుగురు మనుషులు. కారు మీద చెయ్యి వేశాను. ఎండకి అది పెనంలా కాలుతోంది, చెయ్యి చురుక్కుమంది.

అక్కడ జరుగుతున్నది ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. పాతకాలం ఊళ్లు కూలి, వాటి బూడిదా, ఎముకలూ, చెత్తా పేరుకుని దిబ్బలవుతాయి. ఆ మన్నుని పాటిమన్ను అంటారు. అంత బలమైన ఎరువు ఇంకోటి లేదు. ఎండాకాలం పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు రైతులు బళ్లు కట్టి దాన్ని చేలకి తోలుకుంటారు. మా తాతల నాటి నుంచీ ఉన్న పనే. కానీ ఇక్కడ వాళ్లు తోలుకుంటున్నది మామూలు దిబ్బని కాదు.

నేను అరవడం మొదలుపెట్టాను. ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు. బుద్ధి లేదా అన్నాను, గడ్డి తింటున్నారా అన్నాను. రెండు వేల ఏళ్ల గోడలని పెంటకుప్ప చేశారన్నాను. జైల్లో పెట్టిస్తానని కూడా అన్నాను, ఏ అధికారంతోనో నాకే తెలియదు. బళ్ల వాళ్లు పారలు ఆపి, ఈ కారు మనిషి ఎవరా అని చూస్తూ నిలబడ్డారు. గట్టు మీద నుంచి యాభై ఏళ్ల మనిషి ఒకాయన దిగి వచ్చాడు. తలగుడ్డ, మోకాళ్ల పైకి కట్టిన పంచె. ఆ పొలం ఆసామి. నేను అరిచిందంతా ఓపిగ్గా విన్నాడు. అది తన తండ్రి నాటి పట్టా భూమి అనీ, సర్కారు బోర్డు ఏదీ ఎప్పుడూ లేదనీ, ఇటుకలు పారెయ్యలేదనీ, గట్టున పేర్చాననీ చెప్పాడు. చూస్తే నిజంగానే గట్టు పొడవునా పేర్చి ఉన్నాయి, మూరెడు పొడవు ఇటుకలు, వాటి మీద మిరపకాయలు ఆరబోసే గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. బళ్లతో పని సాగడం లేదు గనక రేపు ట్రాక్టరు వస్తోందన్నాడు. మిగిలిన ఆ వరస కూడా తీసేస్తే చదునవుతుందట. తొలకరికి అందులోనూ మిరప నాటుతాడట.

రేపు అన్న మాట వినగానే నా నోరు మళ్లీ లేచింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఎండన పడి వచ్చారు. ఇంటికొచ్చి కాసిని మంచినీళ్లు తాగి తిట్టుదురుగాని రండి."

ఎవరైనా అలా అంటే ఏం చేస్తాం. వెళ్లాను.

ఇల్లు అక్కడికి దగ్గరే. వాళ్లావిడ చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగుతుంటే ఆయన తన గోడు చెప్పుకొచ్చాడు. గరువు నేల, ఎంత పెట్టినా తినేస్తుంది గానీ ఇచ్చేది లేదు. వరసగా మూడేళ్లు మిరప మోకాలెత్తు కూడా లేవలేదు. అమ్మేసి ఎక్కడికైనా కూలికి పోదామని మొగుడూ పెళ్లాం అనుకున్నారట. అప్పుడెవరో చెబితే దిబ్బ మన్ను సంచిలో కట్టి గుంటూరు పంపాడు. మూడేళ్ల కింద. అక్కడి నుంచి కాయితం వచ్చింది. అది చూసే మన్ను తోలడం మొదలుపెట్టాడు. చేను తేరుకుంది. నాకు నమ్మకం కుదరడం లేదనుకున్నాడో ఏమో, లేచి దేవుడి పటం వెనక నుంచి ఆ కాయితం తీసి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. మధ్యలో అచ్చు గళ్లు, గళ్లలో అంకెలు. అడుగున చేత్తో రాసిన రెండు వాక్యాలు. "ఇది మన్ను కాదు, బంగారం. ఎంత తోలుకుంటే అంత మంచిది." కింద సంతకం.

నా సంతకం.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, అంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది. నాకు గుర్తొచ్చింది కూడా. మెత్తగా బూడిద రంగులో ఉన్న మట్టి. భాస్వరం అంకె చూసి మతిపోయి, మళ్లీ ఒకసారి పరీక్ష చేయించి, పక్క బల్ల ఆయన్ని పిలిచి చూపించాను. అంత భాస్వరం పొలం మట్టిలో ఉండదు. మనుషులు తరతరాలుగా ఒక చోట వండుకుని, తిని, బతికి, పోయిన చోటే ఉంటుంది. అది నాకు చదువు చెప్పిన సంగతే. అయినా ఈ మన్ను ఎక్కడిదని అడగలేదు. సంచి మీద ఉన్నది ఈ లోపలి పల్లె పేరు. ఆ దిబ్బని నేను రోడ్డు మీది ఊరి పేరుతోనే ఎరుగుదును. రెంటికీ ముడిపెట్టాలని తోచలేదు. అచ్చు గళ్లు నింపి ఊరుకోవాల్సిన వాణ్ణి, ఉత్సాహం పట్టలేక అడుగున ఆ రెండు వాక్యాలు గిలికాను. ఆ భిక్షువుల పొయ్యిల బూడిదతో ఎదిగిన మిరపకాయలు మూడేళ్లుగా గుంటూరు మార్కెట్టుకి వస్తున్నాయి. మా ఇంట్లో ఆవకాయలోకి ఏ కారం వేసుకున్నామో ఎవరు చెప్పగలరు?

సంతకం నాదేనని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక రెండు చేతులూ జోడించి వంగబోయాడు. నేను భుజాలు పట్టుకుని ఆపాను. లోపలికి తిరిగి వాళ్లావిడని పిలిచి, కాయితం రాసిన సారు ఈయనే అన్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకుంది. గంట క్రితం నేను గడ్డి తింటున్నారా అని అడిగిన మనుషులు. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు. భోజనం చెయ్యందే కదలనివ్వమని పీట వేశారు.

ముద్ద నోట్లో పెట్టుకుంటున్నానే గానీ బుర్ర ట్రాక్టరు దగ్గరే ఉంది. నాలుగు గదులు. రేపు పొద్దున్నకి అవీ ఉండవు. అరిచి చూశాను, లాభం లేకపోయింది. ఇప్పుడు నా మాటకి ఈ ఇంట్లో ఎంత విలువుందో కళ్లారా చూశాను. ఆ విలువని ఎలా వాడాలో నా పాపిష్టి బుర్రకి వెంటనే తట్టింది.

గొంతు సవరించుకుని, ఆఫీసు గొంతుతో చెప్పాను. పై పొర మన్ను బంగారమే గానీ, అడుగుకి పోయేకొద్దీ ఉప్పు పేరుకుంటుంది, ఈ మధ్యనే తేలింది, ఇక ఒక్క గంప కూడా తియ్యకండి, మిరప మాడిపోతుంది అన్నాను. పక్కాగా ఉంది అబద్ధం. అలాంటి దిబ్బలు లేకపోలేదు.

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

"పోయిన వారం కాలవ కింద రెండెకరాలకి తోలింది అడుగు మన్నే సార్. అదీ పోయినట్టేనా?"

ఇది నేను అనుకోలేదు. ఇప్పుడు కాదంటే అబద్ధం మొత్తం కూలిపోతుంది. పోయినట్టే అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. వాన పడకముందే పైమన్ను చెక్కి ఎత్తేస్తే బతకొచ్చని కూడా అన్నాను.

 ఆయన సగం అన్నం మీదే చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రెండెకరాలూ తన పుట్టింటివాళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చినవని వాళ్లావిడ అంటే అప్పుడే తెలిసింది. ఆవిడ చెంగు బిగించి, గంప తీసుకుని, నాకు పెరుగు వడ్డించలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చి, పెరుగు వేసి వెళ్లింది.

నేను వెనకాలే కాలవ దగ్గరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఆయన బళ్ల వాళ్లని గోతిలోంచి ఇటు మళ్లించాడు. అందరూ వరసగా నిలబడి చేను పైపొర చెక్కుతున్నారు. బూడిద రంగు మెత్తటి మన్ను. నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను చూసిన మన్నుల్లోకెల్లా గొప్పది. దాన్ని విషంలా గంపలకెత్తి కాలవ గట్టు అవతల పారబోస్తున్నారు. ఆవిడ కూడా మోస్తోంది. కాళ్లకి చెప్పుల్లేవు. ఒట్టి చెయ్యి వేసినా కాలే నేల అది.

 పోయి కారులో కూర్చున్నాను. పోనీ, రెండెకరాల మన్నే కదా, మనుషులేం చావరు, నాలుగు గదులు మిగులుతాయి అనుకున్నాను. తాళం తిప్పాను. ఇంజను స్టార్టయింది కూడా. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, బండి కదిలించి పది గజాలు పోయాను. అద్దంలో ఆవిడ గంప దించుకుని కాళ్లు మార్చి మార్చి నిలబడటం కనిపించింది. బ్రేకు వేశాను.

దిగి చేలోకి నడిచి వెళ్లాను. ఆయన పార ఆపి చూశాడు.

"ఉప్పు లేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

బళ్ల వాళ్లకి వినపడింది.  ఆయన ఎందుకండీ అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆ నాలుగు గదులూ ఉండాలని అన్నాను.

"ఆ మాట అడగొచ్చుగా సార్."

పొద్దున్న చెప్పాను కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మీరు తిట్టారండి, అడగలేదు అన్నాడు. అందులో కోపం లేదు. నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. అప్పుడు అడిగాను. చదువుకునే రోజుల్లో ఆ గదుల్లో ఒకదాంట్లో కూర్చున్నానని, ఎందుకో ఆ రోజు ప్రాణం కుదుటపడిందని, వాటిని నా కోసం వదిలెయ్యమని అడిగాను. మా ఆవిడకి కూడా చెప్పని మాట, చేలో నిలబడి అంతమంది ముందు చెప్పాను. ఆయన అంతా విని, వదిలేస్తాలెండి అన్నాడు. అంతే. బళ్ల వాళ్లలో ఒకతన్ని పిలిచి, రేపు ట్రాక్టరు వద్దని చెప్పిరమ్మని అప్పుడే పంపేశాడు. ఇంత తేలికా అని నేను నివ్వెరపోయాను. దీని కోసమా ఇంత చేశాను అనిపించింది.

ఎత్తిపోసిన మన్ను మళ్లీ చేలోకి వెయ్యమని మిగతావాళ్లకి చెప్పి, నా వైపు తిరిగాడు.

"తోలిన రోజునే నాలిక మీద వేసుకు చూశానండి ఈ మన్ను. ఉప్పు లేదు. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తా, ఎప్పుడూ తప్పలేదు. ఇందాక మీరు ఉందన్నారు. కాయితం రాసిన మనిషి చెబుతున్నాడంటే నా నాలికే తప్పిందనుకున్నా."

  ఆయన వంగి, కాళ్ల దగ్గరి మన్ను చిటికెడు తీసి, మళ్లీ నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకున్నాడు. ఈసారైనా నేను నిజం చెప్పానో లేదో, నా ఎదుటే చూసుకుంటున్నాడు.